ఓ చెయ్యి వెయ్యమన్నారు, వేశాను

కోనసీమలో నలుగురికి పని చూపించే యజమానులకు, మేనేజర్లకు, జాబ్ మేళాల్లో బల్లల వెనక కూర్చుని మా కాగితాలు తిరగేసే అయ్యలకు, అమ్మలకు –



కిందటి నెల ఒక జాబ్ మేళాలో మీలో ఒకరు నన్ను నీళ్ళ టిన్ను ఎత్తమన్నారు. ఉద్యోగమేమో బిల్లింగ్ కౌంటర్లో కూర్చుని కంప్యూటర్ మీద బిల్లులు కొట్టడం. నేను బీకాం చదివాను, ట్యాలీ వచ్చు, పద్నాలుగేళ్ళు కొబ్బరి షెడ్డులో గుమాస్తాగా లెక్కలు రాశాను. కాగితాలు చూశారు, తల ఊపారు. జీతం దగ్గర కూడా పేచీ రాలేదు. అంతా అయ్యాక నా కుడిచేతి వంక చూసి, "చెయ్యేంటండి, అలా ఒళ్ళో పెట్టుకున్నారు?" అన్నారు. భుజానికి దెబ్బ తగిలిందండీ, తగ్గుతోంది అన్నాను. మూలనున్న ఇరవై లీటర్ల టిన్ను చూపించి, "అది ఎత్తి ఆ స్టాండు మీద పెట్టండి, చూద్దాం" అన్నారు.

బిల్లు కొట్టడానికీ నీళ్ళ టిన్నుకీ ఏమిటండీ సంబంధం? ఆ రోజు అడగలేకపోయాను. ఎడం చేత్తో పట్టుకుని, మోకాలి మీద ఆనించి, ఎలాగో స్టాండు దాకా తీసుకెళ్ళాను. సగం దారిలో కుడి చెయ్యి దానంతట అదే సాయానికి లేచింది. లేచినంత వేగంగానూ పడిపోయింది. టిన్ను పడలేదు, మూత ఊడి నా చొక్కా తడిసింది. మీరు నవ్వుతూనే అన్నారు: "రిపేరుకొచ్చిన మనుషుల్ని పెట్టుకుని మేం ఏం చేసుకుంటామండీ?"

నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. ఇంటికొచ్చి తడిసిన చొక్కా విప్పుతుంటే అప్పుడొచ్చింది కోపం. ఆ కోపంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. అలా అన్నవారి పేరు మాత్రం రాయను. ఎందుకంటే ఆ మాట ఒక్కరిది కాదు. ఈ ఏడు నెలల్లో రాజోలు నుంచి రావులపాలెం దాకా పదకొండు చోట్లకు వెళ్ళాను. పదకొండు చోట్లా ఆ మాటే, గొంతులు మారాయంతే.

దెబ్బ ఎలా తగిలిందో మీలో ఒక్కరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. కార్తీకమాసం. కాయకు గిరాకీ ఉండే రోజులు. పొద్దున కట్టిన లోడు చీకటి పడకుండా షెడ్డు దాటాలి. ఆ వేళ ముఠాలో ఇద్దరు రాలేదు. షావుకారు గారు నా బల్ల దగ్గరకొచ్చి, "అబ్బాయ్, ఆ పద్దులు తరవాత రాద్దువు గాని, నువ్వు కూడా ఓ చెయ్యి వెయ్యి" అన్నారు. ఆయ్ అని లేచాను. అప్పటికి అది నాకు అలవాటే. గుమాస్తా అంటే రాసేవాడే అని మీరు అనుకుంటారేమో, మన దగ్గర గుమాస్తా అంటే ఎవరు రాకపోతే వాళ్ళ పని చేసేవాడు. లారీ మీద ఒకడు, కింద నేను. పైకి అందించిన బస్తా అతని చేతికి చిక్కకుండా జారింది. తల మీద పడకుండా కుడి చేత్తో పైకే ఆపాను. పాత కొబ్బరి తాడు లాగి లాగి తెగేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది చూడండి, అలాంటిదే భుజం లోపల వినపడింది. బయట ఉన్నవాళ్ళకు వినపడలేదు. అదే వచ్చిన చిక్కు.

రక్తం లేదు. ఎముక విరగలేదు. మర్నాడు పొద్దున్నే పనికి కూడా వెళ్ళాను. ఎవరో పుత్తూరు కట్టు వేయించుకోమన్నారు, ఇంకెవరో నువ్వుల నూనె కాచి రాయమన్నారు, రెండూ చేశాను. పది రోజులకు అమలాపురంలో ఎముకల డాక్టరు గారి దగ్గరకు వెళ్తే స్కానింగ్ తీయించి చెప్పారు. భుజం గూటిని నాలుగు చిన్న కండరాలు నాలుగు వైపులా పట్టుకుని ఉంటాయట, రొటేటర్ కఫ్ అంటారట. చెయ్యి పైకి లేపడానికి మొదట పట్టేది వాటిలో పైనున్న కండరం. నాకు దాని స్నాయువు సగం చిరిగింది. పూర్తిగా తెగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు వారాలు పట్టీలో పెట్టండి, తరవాత మూడు నాలుగు నెలలు వ్యాయామం, తల కన్నా పైకి బరువెత్తే పని మళ్ళీ పెట్టుకోవద్దు అన్నారు. రాయడం, లెక్క చూడడం, కూర్చుని చేసే పని ఏదైనా రెండో నెల నుంచే చేసుకోవచ్చన్నారు. ఆ చివరి మాట కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టారు. ఆ కాగితం పదకొండు చోట్లా చూపించాను. దాన్ని చివరిదాకా చదివినవారు ఇద్దరు.

భుజం అంటే ఏమిటో భుజం పోయాకే తెలుస్తుందండీ. చొక్కా తొడుక్కునేటప్పుడు నొప్పి చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు చివర తియ్యాలి. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు నాలుగు రోజులు, ఒక చిరిగిన చంక పట్టాయి. తల దువ్వుకోవడానికి చెయ్యి లేవదు, తలే వంచి దువ్వెన దగ్గరకు తీసుకెళ్ళాలి. కుడివైపు తిరిగి పడుకుంటే తెల్లవారుజామున మూడింటికి భుజమే లేపుతుంది. ఆర్టీసీ బస్సులో నిలబడి కమ్మీ పట్టుకోలేను. సీటు దొరక్కపోతే స్తంభానికి వీపు ఆనించి, ఎవరైనా తోస్తారేమోనని కుడివైపంతా కాచుకుంటూ వెళ్ళాలి. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి గిలకకు తాడు వేసి మంచి చేత్తో నొప్పి చేతిని పైకి లాగమంది. మా పెరట్లో పాత నూతికి గిలక ఇంకా ఉంది. మోటారు వచ్చాక ఇరవై ఏళ్ళుగా ఊరికే తుప్పు పట్టింది. నూనె వేసి, తాడు వేసి, పొద్దున ఇరవై సార్లు, సాయంత్రం ఇరవై సార్లు. నూతిలోంచి నీళ్ళు రావు, నా చెయ్యి మాత్రం కొంచెం కొంచెంగా పైకి వస్తోంది. మొదటి రోజు మొల దాటలేదు. ఇప్పుడు చెవి దాకా వస్తోంది. గుమాస్తాను కాబట్టి ఈ లెక్క పుస్తకంలో రాసుకున్నాను. కావాలంటే తెస్తాను, చూడండి. పద్నాలుగేళ్ళ అనుభవానికి సర్టిఫికెట్ అడిగే మీరు, ఏడు నెలల ఈ పట్టుదలను ఏ గడిలో రాస్తారు?

దెబ్బ తగిలిన ఆరో వారం షావుకారు గారు పిలిచారు. మనిషి చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను. "తగ్గాక రా, నీ చోటు ఎక్కడికీ పోదు" అన్నారు. ఒక సంచిలో పాతిక కాయలు, జేబులో రెండు వేలు పెట్టారు. సంక్రాంతికి నా చోటులో వేరే అబ్బాయి ఉన్నాడు.

మా పొరుగు మండలాల వారికి తెలియంది కాదు గాని, మాకు కనుమ అంటే జగ్గన్నతోట ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద అక్కడికి చేరతారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటి రావడం చూడ్డానికి జనం చెట్లెక్కుతారు. చక్రాలు లేవు, బండ్లు లేవు, చేలల్లోంచీ నీళ్ళల్లోంచీ మనుషుల భుజాల మీదే రావాలి. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన రాష్ట్ర శకటంగా ఆ ప్రభల తీర్థాన్నే చూపించారు. మీరందరూ ఫోన్లలో ఆ వీడియో పంపుకున్నారు, నాకూ వచ్చింది. కోనసీమ అంటే భుజమే అని ఢిల్లీకి చూపించాం. పద్దెనిమిదో ఏట నుంచి ప్రతి కనుమకూ నేను భుజం ఇచ్చాను. ఈ కనుమకు గట్టు మీద పిల్లల మధ్య నిలబడ్డాను. మా ఊరి కుర్రాడొకడు పక్కన దాటుతూ, "ఏం బావా, షోకుగా నుంచున్నావ్?" అన్నాడు. తప్పు అతనిది కాదు. చూడ్డానికి నేను బాగానే ఉన్నాను. ఆ రోజు పట్టీ పెట్టుకోలేదు.

ఆ పట్టీ సంగతే మీకు ముఖ్యంగా చెప్పాలి. పట్టీ మెడలో ఉన్నన్నాళ్ళూ ప్రతివాళ్ళూ నొప్పి నమ్మారు. బస్సులో సీటు ఇచ్చారు. కాని పట్టీతో మీ గుమ్మం ఎక్కితే, "తగ్గాక రండి" అన్నారు. పట్టీ విప్పి వచ్చాను. అప్పుడు ఒకచోట పనిలోకి రమ్మన్నారు. కాని రెండో రోజే గోడౌన్లోంచి పెట్టె తెమ్మంటే తేలేనన్నాను. "చూస్తే దుక్కలా ఉన్నావు, నాటకాలా?" అన్నారు. పట్టీ ఉంటే పని లేదు. పట్టీ లేకపోతే గాయం లేదు. ఈ రెండింటి మధ్య నిలబడడానికి చోటెక్కడుందో మీరే చెప్పండి. నేనేమో ఏడు నెలల్లో పట్టీని బస్టాండుల్లో విప్పి సంచిలో కుక్కడం, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ కట్టుకోవడం నేర్చుకున్నాను. ముమ్మిడివరం బస్టాండులో ఒక ముసలావిడ ఇది చూసి, "పోలీసులేమైనా వెతుకుతున్నారా నాయనా?" అని అడిగింది. నవ్వొచ్చింది. ఇంటర్వ్యూలో మీరు "ఆరోగ్యం బాగానే ఉందాండీ?" అనగానే నా ఎడం చెయ్యి కుడి భుజం మీదకు పోతుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. దొంగతనం చేసినవాడు తడుముకుంటే సరే, బస్తా మోసినవాడు ఎందుకు తడుముకోవాలండీ?

"ఈ ఏడు నెలలూ ఏం చేశారు?" అని మీరంతా అడుగుతారు. మొదట్లో నిజం చెప్పాను. తరవాత ఒకసారి ఫోన్లో, మా అమ్మకు బాగోలేక చూసుకున్నానండీ అన్నాను. అమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. అప్పుడు ఏమీ అనలేదు. రాత్రి అన్నం పెడుతూ, "మంచాన పడేశావా నన్ను?" అంది. ఆ ఉద్యోగం కూడా రాలేదనుకోండి. అబద్ధం చెప్పింది నేనే, ఒప్పుకుంటాను. కాని నిజం చెప్పినవాణ్ణి గుమ్మంలోంచే పంపి, అబద్ధమాడినవాణ్ణి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే పద్ధతి ఎవరిది? రేపు మీ క్యాష్ బాక్సు తాళం ఎవరి చేతికివ్వాలనుకుంటున్నారు?

ఇక్కడ నా సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం రాసే అర్హత నాకు ఉండదు. మూడేళ్ళ కిందట మా షెడ్డులో ఒక ఒలుపు కార్మికుడికి భుజం పట్టేసింది. ఒలుపంటే తెలుసు కదా. నేలలో పాతిన ఇనప మొన మీద కాయ గుచ్చి, బరువంతా భుజం మీద వేసి ఒత్తి, మెలిపెట్టి డొక్క తీయాలి. ఒక్కో కాయకు మూడు ఒత్తుళ్ళు అనుకున్నా వెయ్యి కాయ ఒలిచిన రోజున భుజానికి మూడు వేల దెబ్బలు. కూలి వెయ్యి కాయల లెక్కన, దెబ్బలు ఎవరి లెక్కలోనూ ఉండవు. అతను వచ్చి, ఏదైనా కూర్చునే పని చూపించు బాబూ, కాయ ఏరి పెడతాను, కురిడీ రకాలు వేరు చేస్తాను అన్నాడు. నేను పద్దు పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "తగ్గాక రా మావా" అన్నాను. సరిగ్గా ఆ మాటే నాకు తిరిగొచ్చింది. కురిడీలో గండేరా, గటగటా రకాలు వేరు చేయడంలో అతని కన్ను మా షావుకారు గారి కన్ను కన్నా నయం. అది నాకు తెలుసు. తెలిసీ పంపేశాను. ఎందుకు పంపేశానంటే, అందరూ అలాగే పంపేస్తారు కాబట్టి. మీరూ అందుకే పంపేస్తున్నారని నాకు అర్థమైంది. అర్థమైందంటే ఒప్పుకున్నానని కాదు.

రిజిస్టరు పుస్తకాల మాట ఒకటుంది. పదిమంది, ఆపైన పనిచేసే చోట ఈఎస్ఐ ఉండాలి. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళందరూ దాని కిందకు వస్తారు. పనిలో దెబ్బ తగిలి కొన్నాళ్ళు పని చేయలేకపోతే జీతంలో 90 శాతం దాకా ఈఎస్ఐ ఇస్తుంది, యజమాని జేబులోంచి కాదు. మా షెడ్డు రిజిస్టర్లో ఏడుగురం. కార్తీకంలో పొద్దున్నే టీ గ్లాసులు లెక్కపెడితే ఇరవై రెండు. ఆ రిజిస్టరు రాసిన చెయ్యి నాదే, ఇప్పుడు లేవనిది కూడా ఆ చెయ్యే. మీ షెడ్డుల్లో, మిల్లుల్లో, కొట్లలో టీ గ్లాసులెన్ని, రిజిస్టర్లో పేర్లెన్ని? నాకు జవాబు చెప్పక్కర్లేదు. రేపు పొద్దున టీ కుర్రాడు వచ్చినప్పుడు ఒక్కసారి లెక్కపెట్టండి.

ఈఎస్ఐ లేని చోట కూడా చట్టం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1923లో, తెల్లదొరల కాలంలోనే, పనిలో దెబ్బ తగిలినవాడికి యజమాని పరిహారం ఇవ్వాలని చట్టం చేశారు. గోదాముల్లో, మార్కెట్లలో సరుకు మోసేవాళ్ళు ఆ చట్టం జాబితాలో ఉన్నారు. ఇప్పుడది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. తాత్కాలికంగా పని చేయలేనివాడికి పదిహేను రోజులకోసారి నెల జీతంలో పాతిక శాతం, అంటే నెలకు సగం జీతం రావాలి. వందేళ్ళ కిందటి సగం జీతం నాకు ఈనాటికి రాలేదు, పాతిక కాయలు వచ్చాయి. దావాకు రెండేళ్ళ గడువుంది. వేద్దామా అంటే మా బావ, "వెయ్యి, గెలుస్తావు. తరవాత కోనసీమలో నీకు పనిచ్చేవాడు ఉండడు" అన్నాడు. బావ మాట తప్పని మీలో ఎవరైనా నాకు చెప్పగలరా?

అదే చట్టంలో ఒక పట్టిక ఉంది. చెయ్యి భుజం కీలు దగ్గర తెగిపోతే సంపాదనలో 90 శాతం పోయినట్టు లెక్క. తెగకుండా లోపల చిరిగితే పట్టికలో గడి లేదు, డాక్టరు అంచనా వేయాలి. ఇక వికలాంగుల చట్టం, 2016 నాటిది. దాని రిజర్వేషన్లకు 40 శాతం వైకల్యం ఉండాలి. మన సదరం శిబిరాల్లో చూసేదీ ఆ 40 గీతే. నాది అంత ఉండదని డాక్టరు గారే అన్నారు, ఉండకూడదనే నా కోరిక కూడా. ఆ చట్టమే ఇంకో మంచి మాట చెప్పింది: సర్కారు ఉద్యోగికి కొలువులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, చేయగలిగిన వేరే పనిలో అదే జీతం మీద పెట్టాలి. అంటే సర్కారు భుజానికి ఒక న్యాయం, షెడ్డు భుజానికి ఇంకో న్యాయం. 2019లో రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయినవాళ్ళకు కోలుకునే రోజుల్లో రోజుకు 225 రూపాయల లెక్కన ఇచ్చే పథకం పెట్టారు. మనిషి కోలుకోవడానికి రోజులు పడతాయని, ఆ రోజుల్లో కూడా పొయ్యి వెలగాలని ఎవరికో తట్టింది, సంతోషం. కాని నాది ఆపరేషన్ లేని గాయం. కొబ్బరి అభివృద్ధి బోర్డుకు 'కేర సురక్ష' అని ప్రమాద బీమా ఉంది. ప్రీమియంలో ఎక్కువ భాగం బోర్డే భరిస్తుంది, కాని అది చెట్టెక్కేవాళ్ళ కోసం. నేను చెట్టు ఎక్కలేదు, చెట్టు దిగిన కాయ కింద పడ్డాను. ఇలా ప్రతి గుమ్మం దగ్గరా ఒక అడుగు పొట్టివాణ్ణో, ఒక అడుగు పొడుగువాణ్ణో అవుతున్నాను. అందుకే తిరిగి తిరిగి మీ గుమ్మం దగ్గరకే రావలసి వస్తోంది.

మగవాణ్ణి కాబట్టి నా గోల ఇంతైనా బయటికి వస్తోంది. మా వీధిలో ఒకావిడ రొయ్యల ప్లాంటులో పనిచేస్తుంది. చల్లటి గదిలో, ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పూటంతా నిలబడి ఒలుపు. షుగరు ఉంది. కుడి భుజం మెల్లగా బిగుసుకుపోయింది. ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. షుగరు ఉన్నవాళ్ళకు ఎక్కువగా వస్తుంది, విడవడానికి ఏడాది నుంచి మూడేళ్ళ దాకా పట్టొచ్చు. రవికె హుక్కులు పెట్టుకోలేక కూతుర్ని పిలుస్తుంది. పొద్దున వ్యాను ఎక్కేముందు నొప్పి మాత్ర, మధ్యాహ్నం ఇంకోటి. సూపర్‌వైజరుకు చెప్పరాదా అంటే, "చెబితే రేపట్నుంచి వ్యాను మా వీధిలో ఆగదు అన్నా" అంది. ఆ మాత్రలు ఆవిడ మూత్రపిండాలను ఏం చేస్తాయో మీకు తెలియదా? తెలిసీ ఆ ప్లాంటు ముందు "మా కార్మికులే మా బలం" అని బోర్డు ఎలా పెట్టగలుగుతున్నారు?

మీ వైపు మాట కూడా నాకు తెలుసు. "మేమేం పెద్ద కంపెనీలమా? ధర నిలవదు, లారీ కిరాయి పెరిగింది, తెల్లదోమ వచ్చి కాపు పోయింది." నిజమే. పద్దులు రాసినవాణ్ణి, కాదనను. కాని వెయ్యి కాయ ధర 20 వేలు దాటిన రోజులు కూడా 2025లో చూశాం. ఆ ఏడు ఎవరి భుజానికైనా ఒక పూట సెలవు ఎక్కువ దొరికిందా? తెల్లదోమ చెట్టు మీద వాలిందంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి పరుగెత్తుతారు, ఆకు తీసుకెళ్ళి చూపిస్తారు, వాళ్ళు చెప్పింది చేస్తారు. చెట్టు ఒక ఏడు కాపు తగ్గిస్తే కొట్టేస్తారా? మనిషి మూడు నెలలు కాపు తగ్గిస్తే ఎందుకు కొట్టేస్తున్నారు?

2011 గుర్తుందా? ఆ సార్వాకు కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. నష్టాలు భరించలేం, ఈ పంట వెయ్యం అన్నారు. దేశమంతా ఇటు తిరిగి చూసింది, మోహన్ కందా కమిటీ వచ్చింది. మా నాన్న కౌలు చేసేవాడు, ఆ సార్వా మాకు పస్తులే, అయినా రైతు చేసింది న్యాయమే అన్నాడు. మోయలేని బరువు మోయలేనని చెప్పడం తప్పు కాదని ఆనాడు మాకు నేర్పింది మీరే. మీలో చాలామంది ఆ రైతుల ఇళ్ళవాళ్ళే. ఎకరం నేల మోయలేనన్నప్పుడు కమిటీ వేయాలన్నారు. మనిషి భుజం మోయలేనంటే మటుకు నాటకమా?

బరువు సంగతి వచ్చింది కాబట్టి ఒక్క అంకె. మగవాడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మనకు వడ్ల బస్తా అంటే ఇప్పటికీ 75. ఎవరు పెట్టారా లెక్క? ఆ తూకానికి అలవాటు తప్ప ఇంకో కారణం ఉందా?

నేను జాలి అడగడం లేదండీ. జాలి పాతిక కాయల రూపంలో ఒకసారి అందింది. మీ బల్ల మీదున్న కాగితంలో "పూర్తి శారీరక దారుఢ్యం ఉన్నవారు మాత్రమే" అన్న లైను ఉంది. బిల్లింగ్‌కీ, అకౌంట్లకీ, ఫోన్లో ఆర్డర్లు రాసుకునే పనికీ కూడా ఆ లైనే. ఒకరి కాగితం ఇంకొకరు నకలు చేసుకున్నారని అచ్చుతప్పులు చూస్తేనే తెలుస్తోంది, 'దారుఢ్యం'లో ఒత్తు అందరికీ ఒకే చోట పోయింది. ఆ లైను తీసి, ఆ పనికి ఏం కావాలో అదే రాయండి. బరువెత్తాలా, ఎంత, రోజుకు ఎన్నిసార్లు, అది రాయండి. రాస్తే మేమే చూసుకుని, చేయలేని పనికి రాం, మీ పూట, మా బస్సు చార్జీ మిగులుతాయి. దెబ్బ తగిలిన రోజున తేదీ వేసి పుస్తకంలో ఎక్కించండి. ఒక్క వాక్యం చాలు, నేను రాసి ఉంటే నాకూ పనికొచ్చేది. కోలుకునే మూడు నెలలు కూర్చునే పని ఏదుంటే అది చూపించండి. కాయ ఏరడం, లెక్క, కాటా దగ్గర కూర్చోవడం, మన పనుల్లో కూర్చునేవి లేకపోలేదు. జాబ్ మేళాలు నడిపే అధికారులను కూడా ఒకటి అడుగుతాను. స్టాలు ఇచ్చేముందు ఆ కంపెనీ కాగితం ఒకసారి చదవండి. మేం వంద రూపాయల చార్జీ పెట్టుకుని, పొద్దున్నే వచ్చి, ఎండలో లైన్లో నిలబడేది టిన్నులు ఎత్తి చూపించడానికి కాదు కదా?

ఇంకో సంగతి. నా చోటులోకి వచ్చిన అబ్బాయి మొన్న సంతలో కనపడ్డాడు. పాతికేళ్ళుంటాయి. మెడ పక్కకు వంచి, ఎడం చేత్తో కుడి భుజం నొక్కుకుంటూ మాట్లాడాడు. "బస్తాలేమైనా ఎత్తిస్తున్నార్రా?" అని అడిగాను. "అప్పుడప్పుడూ అన్నా. ఓ చెయ్యి వెయ్యమంటారు" అన్నాడు. ఎముకల డాక్టరు గారి అడ్రసు రాసిచ్చాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, వెళ్తాడో లేదో.

వచ్చే సోమవారం రావులపాలెంలో మీలో ఒకరి దగ్గర నాకు పన్నెండో ఇంటర్వ్యూ ఉంది. అకౌంట్ల పని అన్నారు. ఈసారి బస్టాండులో పట్టీ విప్పను. పెట్టుకునే వస్తాను. డాక్టరు గారి కాగితం, గిలక లెక్క రాసిన పుస్తకం కూడా తెస్తాను. షేక్‌హ్యాండ్‌కు చెయ్యి చాచకండి, నమస్కారం పెడతాను. మోచెయ్యి నడుముకు ఆనించుకుని పెడితే రెండు చేతులూ బాగానే కలుస్తున్నాయి.

ఇట్లు,
అంబాజీపేట మండలం నుంచి,
మీ దగ్గరకు పని అడగడానికి వస్తున్న ఒక గుమాస్తా